రెండో జ్వరం

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను.
"నబీ, పురుగులు రెండో జ్వరంలో ఉండాయి,
గది మండిపోతాంది, బిన్నా రా."
అంతే. పెట్టేసింది తిప్పక్క.

కళ్యాణదుర్గంలో అంగడి మూసిన శెట్టిని లేపి
థర్మోస్టాట్ ఒకటి సంచిలో వేసుకుని
కుందుర్పి దారి పట్టినాను.
మార్గశిరం చలి.
హ్యాండిలు మీది వేళ్లు
కొంచెం దూరం పోయినాక నావి కాకుండా పోయినాయి.

చాకీ గది.
తట్ట మీద తట్ట. సన్నగా తరిగిన మల్బరీ ఆకు పచ్చివాసన.
పెద్ద పురుగులు మేసేటప్పుడు
వాన పడినట్టే ఉంటాది చప్పుడు.
మా పక్క జనం పని లేకున్నా వచ్చి
కాసేపు విని పోయే చప్పుడది.
ఇవి ఇంకా వడ్లగింజంత లేవు.
మేత మాని, తలలు పైకెత్తి,
పాత తోలు విడవడానికి కూర్చున్నాయి, పలకకుండా.
దాన్నే జ్వరమంటాం.
ఆ పొద్దు నిజంగా కాలిపోతున్నది మాత్రం గోడ.

గోడ అడుగున బారుగా పడుకున్న హీటరు
ఆగడం మరిచిపోయి ఉండాది.
గాజుకడ్డీలో ముప్పై మూడు.
ఉండాల్సింది ఇరవై ఏడు.
వాకిలి తీస్తే చలి, మూస్తే సెగ.
పొద్దుగూకినప్పటి నుంచి తిప్పక్కే థర్మోస్టాట్.
తలుపురెక్క పట్టుకుని నిలబడి
మోచేతి లోపలి తట్టు గాలికి పెట్టి
"చాల్లే" అని మూస్తాది.
"ఎక్కువాయ" అని తీస్తాది.

ఎంసీబీ దించినాను.
దించినాక కూడా టెస్టరు పెట్టి చూసుకున్నాను.
మా తాత దూది ఏకినోడు.
వింటినారి మోగే తీరు వినే
దూదిలో గింజ ఎక్కడుందో చెప్పేవాడంట.
నా తీగలు మోగవు.
అవి మోగిన పొద్దు వినడానికి నేనుండను.

పాత డబ్బా మూత తీస్తే నాలుగు తీగలు.
కరెంటు తెచ్చేవి రెండు, హీటరుకు మోసేవి రెండు.
తెచ్చేవాటికి ఎర్ర టేపు చుట్టినాను.
లోపల వంగాల్సిన రేకు వంగలేదు,
విడాల్సిన మొనలు విడలేదు.
వాటి నడుమ ఒక గండుచీమ, బొగ్గై.

తిప్పక్క వంగి చూసింది.
"నా పురుగుల కోసం బయలుదేరింటాది దొంగముండ.
స్టాండు కాళ్లకు నీళ్లగిన్నెలు పెట్టినా గదా,
దారి లేక గోడెక్కింటాది" అనింది.
కోపంగానే అనింది.
తర్వాత దాన్ని గోటితో తీసి
ఎక్కడ వెయ్యాలో తెలియక కాసేపు పట్టుకునింది.

కొత్తది పాత చోటే బిగించబోతే ఆగమనింది.
"అది ఎవరి చలి కొలుస్తాంది? నీదా, పురుగుదా?"
చూస్తే నిజమే.
ముందు పెట్టినోడు తన రొమ్మెత్తులో,
తన చేతికి అందే చోట, వాకిలి పక్కనే పెట్టినాడు.
తీగ పైపు విప్పి నాలుగడుగులు లోపలికి లాగి
నడిమి తట్ట ఎత్తున మళ్లీ చిల్లు పొడిచినాను.
గోడపొడి పురుగుల మీద పడకుండా
ఆమె కొంగు పరిచి పట్టింది.

ముప్పావు గంట గది చల్లబడతా ఉండాది.
ముప్పై. ఇరవై ఎనిమిది.
ఎల్లుండి రైతులు పదకొండు మంది వస్తారంట తీసుకుపోను.
ఆ మాట మూడుసార్లు చెప్పింది.
ఎంసీబీ ఎక్కించినాను.
ఇరవై ఏడు. ఇరవై ఆరున్నర.
ఇద్దరం అంకెలనే చూస్తా ఉండాం.

టక్.

హీటరు సన్నగా చిటపటమనింది.
తిప్పక్క తలుపు వదిలింది.
వేళ్లు మాత్రం ఇంకా వంగే ఉండాయి, రెక్క మందానికి.

ఐదొందలిచ్చి మిగతాది రాసుకోమనింది.
రాసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు శెట్టూరు దాటినాక
గుంతలో బండి ఎగిరి పడింది.
చొక్కా జేబులో వేసుకున్న పాత డబ్బా
అప్పుడు, ఆ చలిలో,
టక్‌మనింది.
బండి ఆపినాను.
చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.
మళ్లీ ఏం పలకలేదు.